గైడ్ ట్రాక్

“టీలో పంచదార తక్కువెయ్యి, పత్రికావిడ తాగదేమో” అన్నాడు భర్త, వంటింట్లోకి తల మాత్రం పెట్టి. ఇంటర్వ్యూకొచ్చిన పత్రికావిడ పంచదార సంగతి ఈయనకెలా తెలిసిందో గానీ, పెళ్లయిన తొమ్మిదేళ్లలో పెళ్లాం అసలు పంచదారే వేసుకోదన్న సంగతి మాత్రం ఇంకా తెలియలేదు. ఆమె తలూపి కప్పులు తుడిచింది.

ఆల్బమ్ వచ్చి నెలయింది. పెద్ద కంపెనీ అండ లేకుండా భర్తతో కలిపి నలుగురు స్నేహితులు తామే రాసుకుని, తామే రికార్డు చేసుకున్న రాక్ పాటలకి ఇంత పేరొస్తుందని ఎవరూ అనుకోలేదు. రివ్యూలు రాసేవాళ్లంతా నాలుగో పాట దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మరిచిపోతున్నారు. అందులో ఒకచోట డ్రమ్స్ ఒక్క దెబ్బ పాటు ఆగుతాయి. ఆ మౌనమే ఆల్బమ్‌కి ప్రాణమట.

ఆ పాటకి డ్రమ్స్ వాయించింది ఆమె. ఒకప్పుడు ఈ బ్యాండ్‌కి డ్రమ్మర్ ఆమే. “కోడలు అలా కాళ్లూ చేతులూ ఆడిస్తూ కూర్చుంటే చూడ్డానికేం బాగుంటుందమ్మా” అని అత్తగారంటే నవ్వేసింది గానీ, పాప పుట్టాక “ఒక్క ఏడాది ఆగు” అని భర్త అన్నప్పుడు నిజంగానే ఆగింది. ఆ ఏడాది ఏడేళ్లుగా సాగుతోంది. ఈ ఆల్బమ్ రికార్డింగప్పుడు, అందరికీ భోజనం పట్టుకుని పాపతో స్టూడియోకి వెళ్లిన రోజు కొత్త డ్రమ్మర్ రాలేదు. “గైడ్ ట్రాకేగా, నువ్వు కొట్టేయ్” అన్నాడు భర్త. గైడ్ ట్రాకంటే మిగతావాళ్లు దారి తప్పకుండా ముందుగా వాయించి పెట్టేది. అసలుది రాగానే చెరిపేస్తారు. అయినా ఆమె సంబరంగానే కూర్చుంది. పాట మధ్యలో అద్దానికి అవతల పాప ఏడుపు మొహంతో, పట్టేసిన కోటు జిప్పు చూపించింది. ఆమె చెయ్యి ఒక్క దెబ్బ ఆగింది, మళ్లీ అందుకుంది. తర్వాత డ్రమ్మర్ ఎన్నిసార్లు వాయించినా పాట చప్పగానే ఉందని చివరికి ఆమెదే ఉంచేశారు. అట్ట మీద మాత్రం అతని పేరే. “మనమంతా ఒకటే కదా, పేరుదేముంది?” అన్నాడు భర్త. ఏమీ లేకపోతే నాదే వేయొచ్చుగా అనుకుంది ఆమె, పైకి మాత్రం తలూపింది.

ఆమె టీ తెచ్చేసరికి హాల్లో పత్రికావిడ డ్రమ్మర్‌ని అడుగుతోంది. “ఆ ఒక్క దెబ్బ మీరు కావాలనే వదిలేశారా?”

“అది... ఫీల్ అండీ. అలా వచ్చేస్తుంది” అన్నాడతను, చెవులెర్రబడి.

సోఫా చేతి మీద కూర్చున్న పాప “కాదు! నా జిప్పు పట్టేసింది. అందుకే అమ్మ ఆగింది” అంది.

భర్త పెళ్లాం వంక చూశాడు. నోటితో చెప్పే అవసరం అతనికెప్పుడూ రాలేదు.

“ఊరికే కల్పించకు. ఈ మధ్య అబద్ధాలు బాగా నేర్చావు” అంది ఆమె నవ్వుతూ. హమ్మయ్య అనుకుని అందరూ నవ్వారు. పాప నవ్వలేదు. తల్లి మొహంలోకి ఓసారి చూసి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

వంటింట్లోకి వచ్చిపడ్డాక ఆమెకి సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. అట్ట మీద పేరు పోయినప్పుడు ఇంత సిగ్గనిపించలేదు. పోయింది తనదే కదా అని సరిపెట్టుకుంది, సర్దుకుపోయే మనిషినని లోలోపల కాస్త గర్వపడింది కూడా. కానీ ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పిన ఒకే ఒక్క మనిషిని నలుగురిలో అబద్ధాలకోరుని చేసిందెవరు? భర్త కాదు, అత్తగారు కాదు. వాళ్లెవరూ నోరు మెదపకముందే తానే ఆ పని చేసిపెట్టింది, అదీ ఎంత చెయ్యి తిరిగినట్టు!

గదిలో పాప గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. తల్లి అడుగుల చప్పుడు విని, “నాకే సరిగ్గా గుర్తులేదేమోలే అమ్మా” అంది.

ఆమె ఇక ఉండలేకపోయింది. పాప చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఏంటన్నట్టు భర్త కళ్లెగరేశాడు. ఆమె అటు చూడలేదు.

“రాసుకోండి” అంది పత్రికావిడతో. “ఇందాక అబద్ధమాడింది మా అమ్మాయి కాదండీ, నేను.”