అమ్మమ్మ తలుపేసుకుంది

హలో, వినపడుతోందా? ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మా మేనకోడలి సంగతి చెప్తాను.

దాన్ని మేం పేచీ అంటాం. ప్రతిదానికీ పేచీయే మరి. ఇంజనీరింగ్ మాటెత్తితే మాత్రం, "లెక్కల్లో అత్తెసరు మార్కులదాన్ని, నాకెందుకు మావయ్యా" అనేది.

కాలు విరిగాక మా అమ్మ చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. ఆవిడకి ఒకటే కోరిక, ఎవర్నీ పిలవకుండా బాల్కనీలోకి వెళ్లి కూర్చోవాలి. అడ్డమల్లా తలుపు దగ్గరున్న ఒక్క మెట్టు. "దానికోసం మీ అందర్నీ బతిమాలుకోవాలి" అని ఒకటే గొణుగుడు.

పేచీ పాత మంచం చెక్క తెచ్చి మెట్టుకి ఏటవాలుగా బిగించింది. "మావయ్యా, కుర్చీలో కూర్చో. ఇప్పుడు నువ్వే అమ్మమ్మవి" అంది. మా చెల్లి, అదే వాళ్లమ్మ, తలుపు తెరిచి పట్టుకుంది. నేను చక్రాలు తోసుకుంటూ జామ్మని ఎక్కేశాను. చప్పట్లు!

తర్వాత అమ్మ ఎక్కింది. ఈసారి తలుపు మూసుంది. వాలు మీద ఆగి ఓ చేత్తో లాగింది. తలుపు గదిలోకి తెరుచుకునేదాయె, వచ్చి మోకాళ్లకి తగిలింది. కుర్చీ గిర్రున వెనక్కొచ్చింది. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

పేచీ మొహం మాడిపోయింది. "చెప్పానా, నా వల్ల కాదని. ఆ చెక్క పారేయండి."

"ఎందుకే పారేయడం? చెక్క బానే ఉంది" అంది అమ్మ. "నువ్వు చేసింది తలుపు తీసిపెట్టే మనిషున్న మీ మావయ్యకి. ఇప్పుడు నాకు చెయ్యి."

ఈసారి పేచీ తనే కుర్చీలో కూర్చుంది. ఎక్కింది, తలుపు లాగింది, వెనక్కి జారింది, మళ్లీ ఎక్కింది. మా చెల్లి తలుపు తియ్యబోతే, "అమ్మా, ముట్టుకోకు!" అని ఒక్క అరుపు. అలా జారీ జారీ కింద నేల మీద ఆగి, "తలుపు తీయాల్సింది పైనుంచి కాదు, ఇక్కణ్నుంచి!" అంది.

బట్టలారేసే తాడు కోసి తలుపు పిడికి కట్టింది. కిందే బ్రేకు వేసుకుని తాడు లాగితే తలుపు బార్లా తెరుచుకుంటుంది. తర్వాత తాపీగా ఎక్కడమే.

"మరి అటువైపెళ్లాక మూసుకునేదెలా?" అంది అమ్మ.

"అదీ కావాలా నీకు?"

"కావాలి."

బయటి పిడికి ఇంకో తాడు కట్టి, రెండో కొస బాల్కనీ కమ్మీకి ముడేసింది.

అమ్మ తాడు లాగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కింది, బాల్కనీలోకి వెళ్లింది. మేమందరం వెనకాలే బయల్దేరామా, మా మొహం మీదే తలుపు పడింది! అటువైపు నుంచి, "కాసేపు నన్నొదిలేయండర్రా" అని వినపడింది.

పేచీ ఎగిరి గంతేసింది. "మావయ్యా, పని చేసింది!" అని, అప్పుడే టేపు పట్టుకుని బాత్రూమ్ గడప కొలవడానికి పరిగెత్తింది. ఇంజనీరింగ్ వద్దన్న పిల్లేనండీ!

పిల్లలూ, మీ ఇంట్లో కూడా ఎవరికో ఏదో ఒకటి అడ్డుగా ఉండే ఉంటుంది. వాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి, అక్కణ్నుంచే మొదలు. మార్కులు చూసి నా వల్ల కాదనుకునే పిల్లలు మీకు తెలిసినవాళ్లుంటే, ఇది వాళ్ల చెవిన వేయండి.