నికోలా పటం వెనక కాటర్ పిన్ను

మిలిసావ్ తల క్లచ్ పెడల్ కింద ఉంది, కాళ్లు తలుపులోంచి బయట మంచులో ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్ల నడుము ఆ సందులో పట్టదని ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు. తెల్లవారితే పునీత నికోలా పండుగ, వాళ్ల ఇంటి స్లావా. ఇలవేల్పు దినం కాబట్టి రొట్టె పట్టుకుని కొండ మీది చర్చికి వెళ్లాలి. పాత జీపు చూస్తే పదిరోజులుగా కదలడం లేదు.

క్లచ్ సిలిండర్లు రెండూ మార్చింది తనూ, టిహోమిరూ కలిసే. టిహోమిర్ అతనికి కూమ్. అతని పెళ్లికి సాక్షిగా నిలబడ్డవాడు, కూతురిని జ్ఞానస్నానం రోజున చేతుల్లో పట్టుకున్నవాడు. తోడబుట్టినవాడితో తగువు పడితే ఊరు ఊరుకుంటుంది గానీ, కూమ్‌తో పడితే పాపమంటుంది. ఆ రోజు టిహోమిర్ బురదలో బండి కిందికి దూరి కింది సిలిండర్ బిగించాడు. మిలిసావ్ డాష్‌బోర్డు కింద దూరి పై సిలిండర్ కడ్డీని పెడల్‌కు తగిలించాడు. రెండో రోజు సంతలో, నిండు జనం మధ్య, పెడల్ నేలకంటుకుపోయింది.

ట్రాక్టరుకు తాడు కట్టించుకుని ఇంటికి వస్తూ, మిలిసావ్ కాఫీ కొట్టు ముందు ఆగాడు.

"ఇదంతా మా కూమ్ చేతి చలవ. ఎద్దుబండికి కూడా పనికిరాని చెయ్యి," అన్నాడు.

అందరూ నవ్వారు. మూల బల్ల దగ్గరున్న టిహోమిర్ మాత్రం కప్పు సగంలో వదిలి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మిలిసావ్ ఇంటి గడప తొక్కలేదు.

ఈ రోజు మిలిసావ్ ముందుగా కింది సిలిండరే చూశాడు, తప్పు అక్కడే దొరుకుతుందని. చుక్క కారడం లేదు. గొట్టం బిగువుగానే ఉంది. అప్పుడు గానీ టార్చి పట్టుకుని లోపలికి దూరలేదు. చూస్తే కడ్డీ పెడల్‌ను వదిలేసి వేలాడుతోంది. రెంటినీ కలిపే ఇనప పుల్ల చాప కింద దొరికింది. ఆ పుల్ల జారకుండా దాని చివర దూర్చే కాటర్ పిన్ను, జడపిన్నులాంటి తీగ ముక్క, ఎక్కడా లేదు.

ఆ రోజు బండి కిందనుంచి టిహోమిర్ అడిగాడు, "కూమే, కాటర్ దూర్చావా?" అని. మెడ పట్టేసి, బయటపడితే చాలనుకుంటున్న మిలిసావ్ "ఆఁ, దూర్చాను," అనేశాడు.

అంతలో భార్య స్టామెంకా తడిగుడ్డతో వచ్చింది.

"ఏమయ్యా, ఇదేంటో చూడు. పటం దులుపుతుంటే నికోలా స్వామి దీపం వెనక దొరికింది. దేవుడి దగ్గర ఇనప ముక్కలేంటి?"

ఆమె అరచేతిలో కాటర్ పిన్ను ఉంది.

తాళంచెవి, పిల్ల పాలపన్ను, పోకూడనిది ఏదైనా సరే ఆ ఇంట్లో పటం దగ్గరే పెడతారు. అది మిలిసావ్ తల్లి నేర్పిన అలవాటు. చిన్నది, బురదలో పడితే దొరకదని తనే పెట్టాడు. పెట్టి మరిచిపోయాడు.

"మరి టిహోమిర్‌ని నలుగురిలో అంత మాటన్నావే," అంది స్టామెంకా, సంగతి విని.

"అన్నాను."

"రేపు వస్తాడా?"

స్లావాకు ఎవరినీ పిలవకూడదు. గుర్తున్నవాడు వస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గుమ్మంలో మొదట అడుగు పెట్టింది టిహోమిరే.

"ఒక్క మాట చెప్పిరా," అంది.

"స్లావాకి పిలుస్తారటే ఎవరైనా?"

"స్లావాకి పిలవకు. తప్పయిందని చెప్పడానికి ఏ ఆచారం అడ్డొచ్చింది?"

అతను మళ్లీ సందులోకి దూరాడు. చూపు ఆనదు, తడుముకుంటూ చెయ్యాలి. వేళ్లు చీరుకుపోయాక గానీ పిన్ను దూరలేదు. పెడల్ గట్టిగా నిలబడింది. ఇక ఈ సంగతి ఇల్లు దాటి ఎవరికీ తెలియనక్కర్లేదు. టిహోమిర్ చెయ్యి చెడ్డదన్న మాట మాత్రం ఊళ్లో ఉండిపోతుంది. నికోలా స్వామికి అంతా తెలుసు. ఆయన పదిరోజులూ దాన్ని దీపం వెనక దాచి ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నట్టు? తనంతట తను చెప్పుకోవాలనా?

జీపు తోలుకెళ్లి కాఫీ కొట్టు ముందు ఆపాడు. లోపల ఆ మనుషులే ఉన్నారు. మూలన టిహోమిర్ ఉన్నాడు. మిలిసావ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ రోజు ఇక్కడ నేనన్న మాట అబద్ధం. కూమ్ తన పని సరిగ్గానే చేశాడు. నా వంతు పిన్ను నేను పటం దగ్గర మరిచి, దూర్చానని చెప్పాను."

"అయితే ఆ రెండ్రోజులూ బండి నడిపింది నికోలా స్వామే అన్నమాట," అన్నాడు ఒకడు. కొట్టంతా నవ్వింది. మిలిసావ్ చెవులు కాలిపోయాయి.

టిహోమిర్ ఈసారీ నవ్వలేదు. లేచి బండి దగ్గరకు నడిచాడు, మంచులో మోకాళ్లూని పెడల్ వెనక్కి చెయ్యి పెట్టాడు.

"కొసలు వంచలేదు. మళ్లీ జారేది." జేబులోంచి పట్టకారు తీసి వంచాడు. "ఎద్దుబండికి పనికిరాని చేతితోనే వంచాను. సరిపోతుందిలే."

టిహోమిర్ మంచుతో చేతులు రుద్దుకుని నాలుగడుగులు వేసి ఆగాడు.

"రేపు పండక్కి వండే చేపల్లో ఉప్పు తగ్గించమను మా చెల్లెమ్మని. పోయినేడు తినలేకపోయాను."

మిలిసావ్ తలూపాడు గానీ, తల ఎత్తి అతని మొహం చూడలేకపోయాడు.