లంగరక్క ఎక్కితేనే

తెల్లారేసరికి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు చెవిన పడగానే లంగరక్కకు ఒళ్ళు మండిపోయింది. గాలి మీద ఎవరికైనా కోపం ఉంటుందా అంటే, ఈమెకుంది. అలాంటిలాంటి కోపం కాదు, ఆడపడుచు మీద ఉండాల్సినంత కోపం. గాలి వీచిన రోజున పనికి వెళ్ళడమంటే ఆమెకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళడమే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

కొండమీద పెద్దాసుపత్రి. అందులో లాండ్రీ ఆమె చేతిమీద నడుస్తుంది. ఇల్లేమో కొండకింద ఊళ్ళో. మధ్యలో లోయ, లోయ మీదుగా రోప్‌వే. లావుపాటి ఇనపతీగకు వేలాడుతూ గాజుకిటికీల పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. బస్సు రోడ్డు లేకపోలేదు, కానీ అది కొండ చుట్టూ మెలికలు తిరిగి తిరిగి, ఎక్కినవాడికి కడుపులో తిప్పు పుట్టించి, పని మొదలయ్యాక ఎప్పటికో దింపుతుంది. అందుకని ఊరంతా పెట్టెలే ఎక్కుతుంది. కింద స్టేషనులో ఆ పెట్టెలను నడిపే ఆపరేటరు ఆమె సొంత తమ్ముడు.

లంగరక్క అన్న పేరు పెట్టింది కూడా వాడే. ఆమెది భారీ విగ్రహం. తడిసిన కంబళిని రెండు చేతులా పట్టి మెలిపెట్టిందంటే పిండే మిషను సిగ్గుపడి మూల కూర్చోవాలి. ఖాళీ పెట్టె గాలికి ఊగుతుంది, బరువున్న పెట్టె నిలకడగా పోతుంది. రోప్‌వే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. గాలి రోజుల్లో తమ్ముడు క్యూలో ఉన్నవాళ్ళను పక్కకు జరిపి, "ముందు మా అక్కను వెళ్ళనివ్వండి. ఆవిడ లంగరండీ, కూర్చుందంటే తీగ కూడా నోరు మూసుకుంటుంది" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి, మొదటి పెట్టెలో ఒక్కతే దర్జాగా ఎక్కి కూర్చునేది. ఆ పెట్టె కుదురుగా పోవడం చూసి మిగతావాళ్ళు ధైర్యంగా ఎక్కేవాళ్ళు.

తలుపు పడ్డాక ఉండేది అసలు కథ. స్టేషను కనుమరుగు కాగానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకునేది. కిందున్న లోయను ఒక్కసారి చూసిందంటే ఆ రోజంతా కాళ్ళలో వణుకు తగ్గేది కాదు. నోరు తెరిచి చెబుదామంటే, ఇంత మనిషివి నీకు గాలంటే భయమేంటని పకపకా నవ్వరూ? సన్నటివాళ్ళు భయపడితే అయ్యో పాపం అంటారు. లావుపాటివాళ్ళు భయపడితే లోకానికి వినోదం. ఒకే ఒక్కసారి, అదీ ఎటో చూస్తూ, తమ్ముణ్ణి అడిగింది.

"గాలి మరీ ఎక్కువైతే ఎట్లారా?"

"నేనుండగా నీకేంటక్కా? మూడో స్తంభం మీద గాలి మీటరుంది, గాలికి గిర్రున తిరిగే చిన్న గిన్నెలతో. గాలి హద్దు దాటిందంటే గంట మోగుతుంది, లైను దానంతటదే ఆగిపోతుంది. మోగలేదంటే భయం లేనట్టే."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నాళ్ళూ లోయ దాటుతోంది. మీటరు మీద నమ్మకమని కాదు. దాన్ని ఆమె ఎప్పుడు చూసింది కనుక? చెప్పినవాడు తమ్ముడు, అంతే.

ఆ రోజు ఆసుపత్రిలో ఆపరేషన్లున్నాయి. ఉతికిన దుప్పట్లు చాలవని, తొందరగా రమ్మని హెడ్ నర్సు పొద్దున్నే ఫోను చేసింది. లంగరక్క గబగబా తయారై, డ్యూటీ తొందరలో ఏమీ తినకుండా పోయిన తమ్ముడికి కూడా ఒక డబ్బా సర్ది బయలుదేరింది. వీధిలో గాలి దుమ్మెత్తి పోస్తోంది. ఎవరిదో దుకాణం బోర్డు ఊడి రోడ్డు మధ్యలో పడింది. "నీ దుంపతెగ, ఇవాళే దొరికిందా నీకు" అని గాలిని తిట్టుకుంటూ, చీరకొంగు నడుముకు బిగించి నడిచింది.

స్టేషను ముందు క్యూ అప్పటికే పెద్దదైంది. అందరి కంటే ముందు డ్రాయింగు మాస్టారు, ఎముకల మీద చొక్కా తొడిగినట్టుండే మనిషి. ఆయన వెనక చంకలో పసిబిడ్డతో ఒక తల్లి. బిడ్డకు జ్వరమట, పైన డాక్టరుకు చూపించాలట.

"వచ్చేశారా! హమ్మయ్య, ఇక క్యూ కదిలినట్టే. మీరెక్కితేనే మాకు ధైర్యం తల్లీ" అన్నాడు మాస్టారు.

లంగరక్క నవ్వీ నవ్వనట్టు నవ్వి, డబ్బా ఇచ్చి వద్దామని వెనకవైపు తలుపులోంచి కంట్రోలు గదిలోకి వెళ్ళింది. తమ్ముడు అటు తిరిగి పైస్టేషను ఆపరేటరుతో ఫోనులో మాట్లాడుతున్నాడు. గాలి హోరుకు వాడికి తలుపు చప్పుడు వినిపించలేదు.

"ఇక్కడా బాగానే కొడుతోందండీ. మేనేజరుగారేమో నడిపి తీరాలంటున్నారు. మీటరా? ఇంకెక్కడి మీటరండీ బాబూ! దాని గిన్నెలు పోయిన వానాకాలంలోనే ఎగిరిపోయాయి కదా. ఊరికే గంట కొడుతోందని వైరు నేనే పీకేశా. ఏం పర్లేదు, మా అక్క వస్తుందిగా. ఎప్పట్లానే ముందు ఆవిణ్ణి వదులుతా. సగం దూరం వచ్చాక కాసేపు ఆపి చూడండి, ఆ మధ్య వానల్లో చూశాం కదా, అట్లా. బాగా ఊగిందనుకోండి, లైను మూసేద్దాం. ఊగలేదనుకోండి, మిగతావాళ్ళను వదిలేస్తా." అవతలివాడు ఏమన్నాడో, తమ్ముడు పగలబడి నవ్వాడు. "అంతే కదండీ మరి! మాకు మీటరెందుకు, అక్కుండగా!"

లంగరక్కకు ముందు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ మధ్య వానల్లో ఆమె పెట్టె లోయ నడిమధ్యలో ఆగిపోయింది. గాలికి అటూ ఇటూ ఊగుతుంటే ఆమె దేవుళ్ళందరికీ మొక్కుకుంది. పైకి చేరాక లాండ్రీ వెనకాల ఎవరూ చూడకుండా వాంతి చేసుకుంది. సాయంత్రం అడిగితే కరెంటు పోయిందక్కా అన్నాడు వీడు. కరెంటు! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"ఒరేయ్."

వాడు ఉలిక్కిపడి తిరిగాడు. ఫోను చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"అక్కా! ఎప్పుడొచ్చావు?"

"ఊగితే లైను మూసేస్తారు. బానే ఉంది. మరి లోపలున్న నన్నేం చేస్తార్రా?"

"అది కాదక్కా..."

"ఏది కాదు? నేను లోయ మధ్యలో ఉయ్యాలూగుతుంటే, మీరిద్దరూ ఫోన్లో, ఇవాళ గాలెక్కువేనండోయ్ అనుకుని లైను మూసుకుంటారు. నేనేమైపోవాలి?"

"మెల్లగా లాగేస్తామక్కా పైకి. ఎప్పుడైనా ఏమన్నా అయిందా నీకు?"

"ఏమన్నా అయితే గానీ నీకు బుద్ధి రాదా? మొదటి పెట్టె ఇస్తుంటే గౌరవం అనుకున్నాన్రా! మా తమ్ముడికి నేనంటే ఎంత ప్రేమో అని లాండ్రీలో అందరికీ చెప్పుకున్నా. సిగ్గు లేకపోతే సరి నాకు!" ఆమె గొంతు వణికింది. ఏడుపు కాదది, కోపం. ఏడుపనుకుంటాడేమోనని ఇంకా కోపం వచ్చింది. "పోనీ, చేసిన పాడుపనైనా తెలివిగా చేశావా? నేనెంత ఉంటాను, ఆ మాస్టారెంత ఉంటాడు? నా పెట్టె ఊగలేదని ఆయన పెట్టె ఊగదా? చంకలో పిల్లతో ఒకామె నిలబడింది, చూశావా? ఏనుగు దాటింది కదా అని ఏట్లోకి మేకలను తోలతావట్రా, బుర్ర తక్కువ వెధవా!"

ఈ లెక్క తమ్ముడికెప్పుడూ తట్టలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అంతలోనే తేరుకుని చేతులు పట్టుకున్నాడు.

"అరవకక్కా, బయట వింటారు. మేనేజరుగారికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఈ ఒక్క రోజుకీ ఎక్కేయి. రేపే కొత్త మీటరు కోసం గట్టిగా అడుగుతా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేస్తున్నావా? ఇంకా నా మీదేనా?" ఆమె వాడి మణికట్టు పట్టుకుంది. కంబళ్ళు పిండే చెయ్యి అది, విడిపించుకోవడం వాడి తరం కాలేదు. "పద. ఎక్కుతాను. నువ్వూ నాతో ఎక్కు."

"నేనా? ఇక్కడ మిషనెవరు చూస్తారు?"

"పైస్టేషనువాడు కూడా నడపగలడని నువ్వే చెప్పావుగా. ఎక్కు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుందాం."

గదికి ముందువైపే పెట్టెలెక్కే గట్టు. గొలుసు అడ్డం కట్టిన క్యూ కాస్త దూరంలో ఉంది. గాలి హోరులో వీళ్ళ మాటలు అక్కడికి చేరడం లేదు. మొదటి పెట్టె తలుపు తెరుచుకుని, నిలబడ్డ చోటే అటూ ఇటూ అల్లాడుతోంది. లంగరక్క వాణ్ణి గడప దాకా లాక్కొచ్చింది. అక్కడ వాడు రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టాడు. బడికి పోనని మొండికేసిన రోజుల్లో కూడా ఇంత గట్టిగా తన్నిపెట్టలేదు.

"వద్దక్కా. నా వల్ల కాదు."

"ఏం?"

"నాకు భయం."

గాలి రోజుల్లో పైన మీటింగుంటే వీడు మోటారుసైకిలేసుకుని కొండంతా చుట్టి పోవడం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. నెత్తి మీద నుంచి పెట్టెలు పోతుంటే పెట్రోలు దండగెందుకురా అని తనే చివాట్లు పెట్టింది కూడా.

"నీకు భయం. మరి నాకు లేదనుకున్నావా?"

లేదనుకున్నానని అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆ మాట అని ఉంటే, నాలుగు తిట్టి, రెండు తగిలించి, ఎప్పటికో ఒకప్పటికి క్షమించేదేమో. వాడు తల దించుకున్నాడు.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"పెట్టెలో కెమెరా ఉంటుందిగా. కళ్ళు మూసుకుని, కడ్డీ పట్టుకుని కూర్చుంటావు. రోజూ చూస్తా."

లంగరక్క వాడి చెయ్యి వదిలేసింది. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదనుకుంది. పడింది. అదీ ఎవరి కంట? చూసి, అయ్యో అనుకుని, ఆ మర్నాడు మళ్ళీ నవ్వుతూ అక్క లంగరండీ అన్నాడు. అసలు అయ్యో అని అనుకున్నాడో లేదో కూడా తెలియదు. ఆమె చెయ్యి పైకి లేచింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. కొట్టడానికి కూడా మనసొప్పలేదు ఆమెకు, అసహ్యం వేసింది.

"తెలిసి పంపావు."

"నువ్వెక్కితేనే జనం ఎక్కుతారక్కా. నువ్వు భయపడుతున్నావని తెలిస్తే ఎవరెక్కుతారు?"

"అయితే పద. ఇందాక నాకు భయం అన్నావు చూడు, ఆ మాట ఆ జనంతో అను."

"అక్కా, నీకు దణ్ణం పెడతా..."

"నువ్వంటావా, నన్ననమంటావా? నేనంటే మొదట్నుంచీ చెప్పుకొస్తా, పీకేసిన వైరు దగ్గర్నుంచీ."

తమ్ముడు గట్టు మీదున్న ఎర్ర మీట నొక్కాడు. తలమీద ఊరికే తిరుగుతున్న తీగ మూలిగి ఆగిపోయింది. క్యూలో గోల మొదలైంది. ఏమైందయ్యా అని ఒకరు, ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఇంకొకరు, గాలి మాకు మాత్రం కొత్తా అని మరొకరు. వాడు గొలుసు దాకా వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"గాలి ఎక్కువగా ఉందండీ. ఇవాళ లైను లేదు."

"ఎక్కువో తక్కువో మీ అక్కను ఎక్కించి చూడవయ్యా. ఎప్పుడూ అంతేగా!" అన్నాడు డ్రాయింగు మాస్టారు. నలుగురు నవ్వారు.

ఆ మాటకు లంగరక్క గుండెల్లో భగ్గుమంది. ఎప్పుడూ అంతేనట! తనకొక్కదానికే తెలియదన్నమాట. ఆమె తమ్ముడి వెనక వచ్చి నిలబడింది.

"అసలు మాట చెప్పు" అంది.

వాడి మెడ మీద చెమట గాలికి కూడా ఆరడం లేదు.

"గాలి మీటరు పోయిన వానాకాలం నుంచీ పనిచెయ్యట్లేదండీ. ఇవాళ్టి గాలిలో..." గొలుసును రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇవాళ్టి గాలిలో నేనైతే ఎక్కను."

మాస్టారు గొలుసు మీద నుంచి చెయ్యి తీసేశాడు. పసిబిడ్డ తల్లి రెండడుగులు వెనక్కి వేసి, బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఆగి ఉన్న పెట్టె వైపు చూసింది, ఆపరేటరును చూసింది, వాడి వెనక నిలబడ్డ భారీ మనిషిని చూసింది.

"మరి ఇన్నాళ్ళూ మీ అక్కనెట్లా ఎక్కించావయ్యా?" అని అడిగింది.

జవాబు తోచనప్పుడల్లా అక్క మొహం చూడటం తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. బళ్ళో పంతులడిగినా, ఇంట్లో నాన్నడిగినా, వాడు ఇటు చూసేవాడు, ఆమె ఏదో ఒకటి అందించేది. ఇప్పుడూ వెనక్కి తిరిగి చూశాడు.

లంగరక్క అక్కడ లేదు. వాడికి తెచ్చిన డబ్బా చంకలో పెట్టుకుని, గాలికి ఎదురుగా, బస్సు స్టాపు వైపు నడుస్తోంది.