నా ఇంట్లో నా చెవి

పళ్ళ డాక్టరమ్మకి వినికిడి తగ్గుతోందన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది ఆమెకే. భర్త గొంతు పెంచి మాట్లాడుతుంటే, ఉద్యోగం మానేశాక మనిషికి కోపం ఎక్కువైందనుకుంది. కింద క్లినిక్‌లో నర్సు ఒకే మాట రెండుసార్లు చెబుతుంటే, ఈ పిల్లకి అప్పుడే మతిమరుపేమిటా అనుకుంది. చివరికి ఆమెను నిలదీసింది మనుషులు కాదు, పాట.

మేడమీద గదిలో ఆమెకో సెట్టు ఉంది. ఇంటర్నెట్ నుంచి పాటను తెచ్చి ఆంప్లిఫయర్‌కి అందించే చిన్న నల్ల డబ్బా, గోడకి కాస్త దూరంగా రెండు పొడవాటి స్పీకర్లు, ఎదురుగా ఒక కుర్చీ. అదంతా అమర్చిపెట్టింది తమ్ముడు. ఊళ్ళో పాటల పిచ్చివాళ్ళంతా కలిసి పెట్టుకున్న శ్రోతల సంఘానికి అతనే పెద్ద. అతని నమ్మకం ఒక్కటే: స్టూడియోలో ఎలా పుట్టిందో పాట అలాగే చెవిని చేరాలి, దారిలో ఎవరూ వేలు పెట్టకూడదు. ఆ పట్టుదలతోనే డబ్బాతో వచ్చిన చవకరకం అడాప్టర్ తీసి పారేసి, సొంతంగా వేరే పవర్ సప్లై కట్టాడు. వైఫై మాన్పించి గోడ వెంట కేబుల్ లాగాడు. అన్ని పాటల్నీ ఒకే మోతకి తెచ్చే సెట్టింగేదో డబ్బాని నడిపే ఫోన్ యాప్‌లో ఉంటే దాని పీక నొక్కాడు. డబ్బా అడుగున రబ్బరు బిళ్ళలు అంటించాడు. ఒక్కో మార్పు చేసి, "ఇప్పుడు విను అక్కా" అనేవాడు. ఆమె వినేది. నిజంగానే ఒక్కోసారి గదిలో తెర ఒకటి తొలగినట్టుండేది.

అలాంటి సెట్టులో ఏదో తగ్గింది. ఆమెకు కంఠతా వచ్చిన వయొలిన్ రికార్డింగ్ ఒకటుంది. అందులో కమాను తీగని తాకే క్షణాన ఇసుక రాలినట్టు చిన్న గరగర వినిపిస్తుంది. వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది. ఆ గరగర పోయింది, ఆ ఊపిరీ పోయింది. కేబుళ్ళు పీకి మళ్ళీ పెట్టింది. దుమ్ము తుడిచింది. తమ్ముణ్ణి పిలిచి, "ఏం చేశావురా దీన్ని?" అని దులిపేసింది.

అతను కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అన్నీ ఉన్నాయక్కా. కడిగిన ముత్యంలా ఉంది" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి అక్క మొహంలోకి, ఆమె చెవులవైపు చూశాడు.

చెవి డాక్టరు పరీక్ష చేసి, కాగితం మీద కొండ మీంచి జారినట్టున్న గీత చూపించాడు. ఏళ్ళ తరబడి చెవి పక్కనే డ్రిల్లు కీచుమంటూంటే ఏమవుతుంది మరి! సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ తగ్గాయి, ఎడమ చెవిలో మరీ ఎక్కువ. "పోయింది తిరిగి రాదండీ. ఎడమ చెవి ఇంకా తగ్గినా తగ్గొచ్చు" అని, మాటలకోసం హియరింగ్ ఎయిడ్లు ఇచ్చాడు. మాటలకి అవి బాగానే పనికొచ్చాయి, భర్త కోపం ఒక్కరోజులో నయమైపోయింది. పాటకి మాత్రం అవి కొరగాలేదు. వయొలిన్‌ని కూడా మాటే అనుకుని, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు వినిపించేవి.

ఆ వారమే భోజనాల దగ్గర తమ్ముడు మెల్లగా కదిపాడు. "అక్కా, ఏమనుకోకు. ఆ సెట్టు నాకిచ్చెయ్. సంఘానికి పనికొస్తుంది. నీకు చెప్పిన పాట పాడే చిన్న స్పీకరొకటి కొనిస్తాను. ఇప్పుడు నీకు ఏదైనా ఒకటే కదా. ఊరికే చెవిటివాడి ముందు శంఖం..."

నాలుక కరుచుకున్నాడు గానీ ఆలస్యమైంది. బావగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"పూర్తి చెయ్యరా" అంది డాక్టరమ్మ. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమన్నాడట?"

"అక్కా, నా ఉద్దేశం అది కాదు..."

"'దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదు' అన్నాడట. కొరకడం సంగతి నా వృత్తి, నేను చూసుకుంటాను. ఆ సెట్టు మీద చెయ్యి పడిందా, ముందు నీ వేళ్ళే కొరుకుతాను. పెరుగు వేసుకో."

ఆ మర్నాడు ఒక పేషెంటుకి అరిగిపోయిన దవడ పన్ను కట్టి సరిచేస్తుంటే ఆమెకి ఆలోచన తట్టింది. పన్ను ఎంత అరిగితే అంతే కదా కడతాం, ఎక్కడ అరిగితే అక్కడే కదా కడతాం. నా చెవి ఎక్కడ ఎంత అరిగిందో గీత గీసి మరీ ఇచ్చారు. పాట నా దగ్గరికి వచ్చేలోపే ఆ మేరకు కట్టి పంపిస్తే?

"ఏమంటారు?" అని పేషెంటునే అడిగింది. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి "ఆ" అన్నాడు. అది ఒప్పుకోలు కింద తీసుకుంది.

యాప్‌లో ఈక్వలైజర్ ఉంది. ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో, ఏది ఎంత తగ్గించాలో ఎడమకీ కుడికీ విడివిడిగా చెప్పుకోవచ్చు. తమ్ముడు మొదటిరోజే, "దాని జోలికి మాత్రం వెళ్ళకు, పాట పాడైపోతుంది" అని హెచ్చరించిన చోటు అది. ఆమె తిన్నగా అక్కడికే వెళ్ళింది.

మొదటిసారి సన్నటి స్వరాలన్నీ పైకి లాగితే పాట పగిలి చిటపటమంది. గిన్నె నిండా ఉన్న పాలు ఇంకాస్త పొంగితే ఒలికిపోవూ మరి! ముందు మొత్తం తగ్గించి, ఆ తర్వాత కావలసినది పెంచాలని తెలుసుకోవడానికి ఆదివారం పొద్దంతా పట్టింది. తర్వాత, ఎంత పోయిందో అంతా పెంచేసింది. శబ్దం గాజుపెంకులా పదునెక్కింది. కానీ అందులో, అదిగో, కమాను తీగని తాకింది! గరగర! ఆమె తొడ చరుచుకుని లేచి నిలబడింది.

భర్త రెండు చేతులతో చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటే ఇది, రేకు మీద గోళ్ళతో గీకుతున్నావా?"

"మీ చెవులు బాగున్నాయండీ. అదే మీ సమస్య."

తమ్ముడికి తెలిసి ఫోన్లోనే అంతెత్తున లేచాడు. పాటకి సున్నం కొట్టావన్నాడు. తను ఇన్నాళ్ళు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరన్నాడు. చివరగా, "స్పీకర్లలో ట్వీటర్లని ఉంటాయి చూడు, సన్నటి శబ్దాలు పలికే చిన్నవి, ఆ దెబ్బకి మాడిపోతాయి. చెబితే వినవు" అన్నాడు.

"చెవిటిదాన్ని కదరా, ఎలా వింటాను" అని పెట్టేసింది.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. ఒకరోజు పొద్దున్నే కాఫీ పట్టుకుని కూర్చుని పాట పెట్టేసరికి ఎడమపక్కంతా మందగించింది. దుప్పటి కప్పినట్టు బొంగురుగా ఉంది. నిన్న ఉన్నది ఇవాళ లేదు. కప్పు కింద పెట్టేసింది. ఎడమ చెవి ఇంకా తగ్గొచ్చని డాక్టరు ముందే చెప్పాడు కదా. ఇంత తొందరగానా?

గుమ్మం దగ్గర్నుంచి భర్త టిఫినుకి పిలిచాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. కోపమైతే ఎవరో ఒకరి మీద చూపించవచ్చు, కానీ ఇది కోపం కాదు, భయం. తమ్ముడన్నదే నిజమేమో, పోయిన చెవులకి ఈ హంగామా దేనికి, ఇచ్చేస్తే పోతుంది, అనుకుంది. లేచి డబ్బాకి వచ్చే కరెంటు తీసేయబోయింది కూడా.

అప్పుడు లోపలున్న పళ్ళ డాక్టరు అడ్డుపడింది. పేషెంటు కింది పన్ను నొప్పంటాడు, తీరా చూస్తే పుచ్చింది పైది. మనిషి వేలు పెట్టి చూపించాడు కదా అని ఆ పన్ను పీకేస్తామా? ముందు తట్టి చూస్తాం.

ఆమె కుర్చీని గిరుక్కున వెనక్కి తిప్పింది. స్పీకర్లకి వీపు పెట్టి, ఎదురుగా ఖాళీ గోడని చూస్తూ కూర్చుంది. ఇప్పుడు బొంగురు కుడిపక్క నుంచి వచ్చింది. మళ్ళీ ఇటు తిరిగింది. ఎడమపక్కకి వచ్చింది. ఎటు తిరిగినా కిటికీ దగ్గరున్న స్పీకరే మూగపోయి ఉంది. దగ్గరికి పోయి ట్వీటర్‌కి చెవి ఆనించింది. ఉలుకూ పలుకూ లేదు. పోయింది చెవి కాదు!

ఆమె నవ్వుకి కింద నుంచి నర్సు మెట్లెక్కి వచ్చేసింది.

"చచ్చిందండీ! ట్వీటర్ చచ్చింది!"

"దానికింత సంబరమా?" అన్నాడు భర్త, ఇడ్లీ పళ్ళెంతో నిలబడి.

తమ్ముడికి ఫోన్ చేసి, "నువ్వన్నట్టే మాడిందిరా" అంది. అవతల గెలిచినవాడి గొంతు: "అయితే ఆ ఈక్వలైజరు తీసేస్తున్నావా?"

"లేదు. ఇంకా గట్టి ట్వీటర్ కావాలి. నువ్వు తెస్తావా, నన్ను తెచ్చుకోమంటావా?"

"నీ అంత మొండిఘటాన్ని ఎక్కడా చూడలేదే" అన్నాడు గానీ మూడోనాటికి తెచ్చాడు. గొణుక్కుంటూ స్పీకరు విప్పబోతే ఆమె అతన్ని పక్కకి తప్పించి, తన చేత్తోనే తీగలు అతికించింది. అతను చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళబోతూ, చెప్పులేసుకుంటూ, అటువైపు తిరిగే అన్నాడు: "పోయిందంతా తిరిగి పెట్టాలని చూడకు. పోయినదాంట్లో సగం పెంచు చాలు. నాలుగురోజులు పోతే మిగతాది అలవాటవుతుందట."

"నీకెవరు చెప్పారు?"

"మీ చెవి డాక్టర్నే అడిగాను." మెట్లు దిగుతూ ఆగాడు. "అది నీ ఒక్కదానికి. వచ్చే ఆదివారం సంఘం కలిసే వంతు మీ ఇంటిది కదా. అప్పుడు మాత్రం తీసెయ్. నా పరువు తీయకు."

సగానికి తగ్గించింది. అతను చెప్పింది నిజమే. గాజుపెంకు పదును పోయి, వయొలిన్ మళ్ళీ కర్రతో చేసిన వస్తువైంది. ఆ మాట తమ్ముడికి చెప్పింది కూడా. కానీ ఆదివారం సాయంత్రం కుర్చీలన్నీ నిండాక, ఈక్వలైజరు మాత్రం తీయలేదు. తీయలేదని తనే లేచి అందరికీ చెప్పింది.

సంఘంలో ఒక లాయరుగారున్నారు. ఆయన వెంటనే లేచాడు. "కళాకారుడు ఇచ్చింది ఒకటి, మీరు వినేది ఒకటి. ఇది కల్తీ అమ్మా. మీరు వినేది అసలు పాటే కాదు, అబద్ధం."

తమ్ముడు తల దించుకున్నాడు.

"లాయరుగారూ," అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండానే. "ఈ గదిలో ఎవరి నోట్లో నేను కట్టిన పళ్ళు ఎన్నున్నాయో నేను చెప్పను. వృత్తిధర్మం. కానీ ఆ పళ్ళతో నమిలిన అన్నం అబద్ధమా? కడుపు నిండటం లేదా?"

గదిలో చాలా నోళ్ళు ఒకేసారి మూతపడ్డాయి. లాయరుగారి నోరు అందరికంటే ముందు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అక్కా, అది వేరు. సంఘానికి ఒక నియమం ఉంది. ఈ ఒక్కరోజుకి తీసెయ్. అందరూ అసలుది వింటారు, తర్వాత నీ ఇష్టం."

"అందరూ అంటే ఎవర్రా? అసలుది పెడితే ఈ గదిలో దాన్ని వినలేనిదాన్ని నేనొక్కదాన్నే. ఇల్లు నాది, కుర్చీ నాది, నేను మాత్రం వినపడని పాటకి తల ఊపుతూ కూర్చోవాలా? మీ ఇళ్ళలో మీ ఇష్టం. నా ఇంట్లో నా చెవి."

"అయితే మేం వెళ్తాం" అన్నాడు లాయరు.

"మెట్ల మీద లైటు లేదు, చూసి దిగండి" అని ఆమె పాట పెట్టేసింది.

సగంమందికి పైగా వెళ్ళిపోయారు. కుర్చీలు ఈడ్చిన చప్పుడు తగ్గేసరికి వయొలిన్ మొదలైంది. మిగిలినవాళ్ళలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. తమ్ముడు గుమ్మంలోనే నిలబడిపోయాడు, వెళ్ళనూ లేదు, కూర్చోనూ లేదు. అతనికి ఆ శబ్దం నిజంగానే కోస్తోంది. పంటికింద రాయిలా, ఒక్కో స్వరమూ. అంత బాధలోనూ అక్కవైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఒకచోట, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడానికి సరిగ్గా ముందు, ఆమె చెయ్యెత్తి "ఆగు" అన్నట్టు పట్టుకుంది. ఊపిరి వచ్చింది. చెయ్యి దించింది.

ఈ సెట్టుకి మార్పు చేసినన్ని సార్లు "ఇప్పుడు విను" అన్నాడే గానీ, "నీకేం వినిపిస్తోంది" అని తనెప్పుడూ అడగలేదని అతనికి అప్పుడనిపించింది. వచ్చి బావ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

పాట అయ్యాక, "నావల్ల కాదే. చెవులు జివ్వుమంటున్నాయి" అన్నాడు.

"నీకోసం కాదురా."

"తెలుసు." చెవి రుద్దుకున్నాడు. "కుడిపక్క ఒకచోట మరీ ఎక్కువుంది. అది నీకు కూడా ఎక్కువే అయ్యుంటుంది. రేపు వచ్చి చూడనా?"

"చూడు. తగ్గించాలో వద్దో నేను చెబుతాను."

వారం తిరక్కముందే సంఘం ఆమెను వంతుల్లోంచి తీసేసింది. తమ్ముడు అడ్డు చెప్పాడట, ఓడిపోయాడట. ఆమె ఏమీ బాధపడలేదు. బుధవారం మధ్యాహ్నాలు క్లినిక్ మూసి, మేడమీద తలుపు తీసి ఉంచడం మొదలుపెట్టింది. చెవి గీత పట్టుకుని వచ్చినవాళ్ళకి, వాళ్ళ చెవి కొలతకి పాట కట్టి వినిపిస్తుంది. మొదట వచ్చింది ఒక డ్రైవరు, తర్వాత నేత మిల్లులో పనిచేసి మానేసిన అక్కాచెల్లెళ్ళు. కొలత మార్చినప్పుడల్లా మిగతావాళ్ళు "అబ్బా" అని చెవులు మూసుకుంటారు, తమ వంతు రాగానే ఊరుకుంటారు.

మొన్న సంఘం తరఫున కబురొచ్చింది: ఆ ఈక్వలైజరు ఒక్కటి వదులుకుంటే మళ్ళీ చేర్చుకుంటారట. కబురు తెచ్చిన తమ్ముడే, చెబుతూ చెబుతూ నవ్వేశాడు.

"వాళ్ళకేం చెప్పమంటావే?"

"రమ్మను. బుధవారం. కుర్చీలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని చెప్పు, ఇక్కడ చోటు చాలటం లేదు" అని, డాక్టరమ్మ హియరింగ్ ఎయిడ్లు తీసి బల్లమీద పెట్టి, పాట పెంచింది.