అంటించేసిన నలభయ్యో పాఠం

నేను ఒక థాయ్ భాషా బోధినిని. బ్యాంకాక్ హోటల్లో పన్నెండేళ్ళు వంట చేసి వచ్చిన మండపేట ఆయన ఒకరు నన్ను రాశారు. రాజమండ్రిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యాను. థాయ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి. పాఠాలు నలభై. విమానాశ్రయంతో మొదలై, హోటలు గదీ బేరాలూ దాటి, వీడ్కోలుతో ముగుస్తాను. వెనక అట్టకి ఒక సీడీ ఉండేది. అందులో ఎవరో థాయ్ అమ్మాయి నా మాటలన్నీ పలికేది. నాకున్న గొంతు అదొక్కటే.

కాకినాడలో సూరిబాబు పుస్తకాల కొట్లో ఏడేళ్ళు పడి ఉన్నాను. భాష నేర్చుకోవాలని మనుషులు ఎంతో ఉత్సాహంగా వస్తారు. నా మొదటి పేజీ చూసి, ఇంతకంటే తేలికైనది ఉందా అని అడుగుతారు.

ఒకరోజు ఉప్పాడ నుంచి మాణిక్యాంబ వచ్చింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి.

“థాయ్ మాటల పుస్తకం ఉందా అబ్బాయ్?”

“ఈ వయసులో బ్యాంకాక్ ఏంటండీ పిన్నిగారూ?”

“నీ మొహం! రొయ్యపిల్లల హేచరీలో చేసే థాయ్ కుర్రాడు మా వాటాలో దిగాడు. ఆడు తెల్లారకుండానే పన్లోకి పోతాడు. పెళ్ళానికి వేవిళ్ళు. పిమ్ అంట పేరు. అన్నం తిన్నావా అని అడిగే దిక్కు లేదు ఆ పిల్లకి.”

సూరిబాబు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్నీ నన్నూ బల్ల మీద పెట్టి, ఫోన్లో నేర్పే కోర్సు కూడా చూపించాడు. మాణిక్యాంబ ఒక్కటే అడిగింది: “కడుపులో తిప్పుతోందా అని ఎందులో ఉంది?”

అది నా మందుల షాపు పాఠంలో ఉంది. అలా నన్ను ఎంచుకుంది. “ఇది పాడే డబ్బా మా ఇంట్లో లేదు, నీ దగ్గరే ఉంచు” అంటూ సీడీని ఊడదీసి అక్కడే వదిలేసింది. నా గొంతూ నేనూ విడిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

హోటలు పాఠం చదివిన రోజు మాణిక్యాంబ పిమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, “దొరగారూ, ఏం తెమ్మంటారు?” అని థాయ్‌లో అడిగింది. పిమ్ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత మాణిక్యాంబ గడ్డం పట్టుకుని, నోరు ఎలా తిప్పాలో చూపించింది. ఇద్దరూ పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తిన్నారు.

ముప్పైతొమ్మిది పాఠాలు అయ్యాయి. నలభయ్యోది వీడ్కోలు పాఠం. అది చూసి మాణిక్యాంబ ముఖం మాడిపోయింది.

“వెళ్ళొస్తానని చెప్పుకోవాలి గానీ, ఇదేం మాటమ్మా, తెగతెంపులు చేసుకున్నట్టు! ఇలాంటిది ఇంట్లో పలక్కూడదు.”

అన్నం మెతుకులు నలిపి ఆ రెండు పేజీలనూ అంటించేసింది. మాట నేర్చుకోకపోతే మనిషి వెళ్ళదని ఆమె ఆశ కాబోలు.

పిమ్‌కి ఏడో నెల రాగానే ఆమె భర్తని కంపెనీ వెనక్కి పిలిచింది. కారు వచ్చింది. మాణిక్యాంబ పిమ్‌కి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో ఉంచింది. మళ్ళీ రమ్మని అడగాలి. ఆ మాట అంటించిన పేజీల్లోనే ఉంది. నన్ను తీసి గోటితో లాగింది. మెతుకులు ఎండి బిగుసుకుపోయాయి. కాగితం అడ్డంగా చిరిగి, అక్షరాలు సగం అటూ సగం ఇటూ అయ్యాయి.

“మామ్మగారూ, ఇమానం ఆగదండి!” అన్నాడు డ్రైవరు.

“మళ్ళీ రా తల్లీ. బిడ్డనెత్తుకుని రా” అంది తెలుగులోనే.

పిమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని, నెమ్మదిగా ఒక పొడుగాటి వాక్యం చెప్పింది. అది నా పాఠాల్లో లేదు. కారు కదిలింది.

మాణిక్యాంబ లోపలికి పరుగెత్తుకొచ్చి, విన్నది విన్నట్టుగా నా చివరి ఖాళీ పేజీలో తెలుగు అక్షరాల్లో పెన్సిలుతో రాసుకుంది. వస్తానందా, రానందా? నెలల తరబడి ఆ వాక్యం కోసం నన్ను తిరగేసింది. గది అద్దె ఎంతో అడగడం నేర్పగలను, బస్సు ఎక్కడ ఆగుతుందో అడగడం నేర్పగలను. అంతకు మించి నేనేం చెప్పను?

చివరికి నన్ను సంచిలో పెట్టుకుని కాకినాడ వచ్చింది. సూరిబాబు కొత్తగా వచ్చిన థాయ్-తెలుగు నిఘంటువు తీసి ఇచ్చాడు.

“ఇందులో ఉంటుందంటావా?”

“లేని మాటుండదండి. ఆ చిరిగిపోయింది ఇలా పడేయండి.”

నన్ను బల్ల మీద పెట్టింది. బస్సు దాటిపోతుందన్న కంగారులో నిఘంటువుని గుండెలకి హత్తుకుని గబగబా మెట్లు దిగింది.

ఇప్పుడు పాత పుస్తకాల గుట్టలో ఉన్నాను. పిమ్ చెప్పిన వాక్యం నా దగ్గరే ఉండిపోయింది. మాణిక్యాంబకది కంఠతా వచ్చిందో లేదో నాకు తెలియదు. పై పుస్తకాలు కదిలినప్పుడల్లా ఆ పెన్సిలు రాత కొంచెం కొంచెం చెరుగుతోంది.