మూడో పేరా

ఆమె బీన్స్ తుంచుతుండగా ఫోన్ మోగింది. అవతల ప్రొఫెసరు గారు. పందొమ్మిదేళ్లుగా ఆమె దిద్దుతున్న వైద్య పరిశోధన పత్రికకు ప్రధాన సంపాదకులు. అట్ట లోపల ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆమె పేరు అడుగున చీమతలకాయంత ఉంటుంది.

"ఈ సంచికతో మానేస్తున్నారు కదమ్మా, మీ గురించి నాలుగు మంచి మాటలు వేద్దాం. నా పేరు మీదే. మీరే రాసి పంపేయండి, నాకసలు తీరిక లేదు."

ఆయన సంపాదకీయాలన్నీ ఆమే రాసేది కాబట్టి ఇందులో వింతేమీ ఆయనకు కనిపించలేదు. సిగ్గుచేటేమిటంటే, ఆమె కూడా "అలాగే సార్" అనేసింది.

మానేయడమూ ఆమె కోరుకున్నది కాదు. అత్తగారు మంచాన పడ్డారు. "ఎవరో ఒకరు పని మానుకోవాలిగా" అన్నాడు భర్త. ఆ ఇంట్లో ఎవరో ఒకరంటే ఎప్పుడూ ఒక్కరే. పత్రిక పనిని అతను ఏనాడూ పని అనలేదు, "ఆ కాగితాలు" అనేవాడు. అత్తగారు ఇంకో మెట్టు పైన. "ఏం, కళ్లు పాడుచేసుకోడానికి కుట్టుపని చాలలేదూ?"

ఇప్పుడు సంగతి వినగానే భర్త పేపరు వెనకనుంచి నవ్వాడు. "నీ గురించి నువ్వేనా! పొగుడుకో మరి, అడ్డెవరు?"

అత్తగారికి తినిపించి, పక్కబట్టలు మార్చి, వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచింది. రెండు పేరాలు చకచకా వచ్చేశాయి. ఓర్పు, అంకితభావం, తీరని లోటు. ఇదివరకు మానేసిన వాళ్లందరికీ రాసిన మాటలే. మూడో పేరా దగ్గర చెయ్యి ఆగింది. ఆగి, నిజం రాసింది. పసిపిల్లల మందు మీద వచ్చిన ఒక వ్యాసంలో పట్టికకీ, లోపలి లెక్కకీ పొంతన లేదని, పెద్దలందరి కళ్లూ దాటి వచ్చాక పట్టుకున్నది ఆమేనని. పది రెట్ల మోతాదు అచ్చులోకి పోకుండా ఆపిందని. చదువుకుంటే కళ్లు చెమర్చాయి. తన గురించి ఒకరు ఇంత బాగా రాయడం ఇదే మొదలు. ఆ ఒకరు తానేనని మరుక్షణమే గుర్తొచ్చింది. అయినా ఆ ఒక్క పేరా అచ్చులో ఉంటే చాలనుకుంది, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

సాయంత్రానికి జవాబొచ్చింది.

"బ్రహ్మాండం. ఆ మూడో పేరా మాత్రం తీసేయండమ్మా. మన దగ్గర అలాంటి తప్పులు వస్తాయని ఊరంతా చాటుకోవడమెందుకు?"

ఆమె ఆ పేరా తెరిచి మొదటినుంచి మరోసారి చదువుకుంది. లోపలి గదిలోంచి అత్తగారు పిలిచారు.

"ఇంకా అవలేదా ఆ కాగితాలు?" అన్నాడు భర్త.

"అయిపోయాయండి."

పేరా తీసేసింది. పేజీ అడుగున తెల్లగా ఖాళీ మిగిలింది. అలా వదిలేయడం ఆమెకు చేతకాదు. పైన ఎప్పుడూ వేసే ప్రొఫెసరు గారి ఫొటో కాస్త పెద్దది చేసి నింపేసింది.