దొరసాని నడిచిన దారి

ఇటుకల అత్త తన గాడిద నాలుగో కాలు కూడా ఎత్తిపట్టి, గిట్ట సందులో ఇరుక్కున్న గులకరాయిని మేకుతో పెకలించింది. తెల్లారినప్పటినుంచి మూడుసార్లు చూసిన గిట్టలే. అయినా చేతులు ఊరుకుంటేగా! కూర్చుంది, లేచింది, తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది.

"వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, నువ్వెంత అత్తా!" అన్నాడు పక్కన కంచరగాడిదను తోముతున్న మనిషి.

"ఆయనకి ఒక్కసారే అవసరం పడింది. నాకు రోజూ," అంది తలెత్తకుండా.

మైదానం నిండా గాడిదలు, కంచరగాడిదలు. ఏడాదికోసారి ఊళ్ళో జరిగే పోటీలివి. పరుగు పందెం అయింది, బండి లాగుడు అయింది. మిగిలింది బరువు నడక. వీపు మీద బరువుతో, తోలేవాళ్ళు లేకుండా, జంతువు ఒంటరిగా అవతలి జెండా దాకా వెళ్ళి ఆగాలి. అత్త వచ్చింది దానికోసమే.

ఇటుక బట్టీలో ఆమెది ముప్పై ఏళ్ళ చాకిరీ. మొగుడు అక్కడే మట్టి తొక్కేవాడు. ఆయన పోయిన వారానికే తిరిగి పనిలోకి వచ్చేసింది, ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని. పన్నెండు గాడిదలను తోలేది. మొన్నామధ్య బట్టీకి ట్రాలీ వచ్చింది, పదకొండు గాడిదలు పశువులు కొనే బేరగాడి లారీ ఎక్కేశాయి. మిగిలింది దొరసాని ఒక్కతే. పుట్టగానే తల్లి చస్తే అత్త సీసాతో పాలు పట్టి బతికించిన గాడిద అది. దీన్ని మాత్రం పంపొద్దని కాళ్ళావేళ్ళా పడితే బట్టీ ఆసామి కాస్త మెత్తబడ్డాడు.

"బరువు నడకలో గెలిస్తే బట్టీకి పేరొస్తుంది, ఉంచుకుంటాను. లేదంటే ఆ సాయంత్రమే లారీ ఎక్కుతుంది. మళ్ళీ ఏడవకూడదు మరి," అన్నాడు.

గెలవకేం? ఆర్నెల్లుగా బడి ప్రహరీకి ఇటుకలు మోసింది దొరసానే. బట్టీలో బరువెత్తితే ఈ మైదానం పక్కనుంచే తనంతట తనే వెళ్ళేది, అక్కడ మేస్త్రీలు దించుకుంటే తనే తిరిగొచ్చేది. ఇక జెండా దగ్గర ఆగడమంటావా, అత్త వారం రోజులు ఇసుక నింపిన గోనెసంచులు వేసి నేర్పింది. బుద్ధిగా ఆగింది.

పోటీ పెద్దమనిషి ఇసుక బస్తాలు చూపించాడు.

"మీ ఇసుక మీరే ఉంచుకోండి. మా బట్టీ ఇటుకలు తెచ్చుకున్నాం. ఊరంతా చూడొద్దూ!" అంది అత్త.

తూకం సరిపోయింది, ఆయన సరేనన్నాడు. అటు పన్నెండు, ఇటు పన్నెండు పేర్చి తాడు బిగించింది.

ఈల మోగింది. ఒక గాడిద అక్కడే చతికిలబడింది. ఒక కంచరగాడిద వెనక్కి తిరిగి యజమానినే తరుముకొచ్చింది. దొరసాని మాత్రం తలొంచుకుని, తిన్నగా, ఒకే నడక.

"అబ్బో, రాణీగారు ఊరేగింపుకి బయల్దేరారండోయ్!" అన్నాడు మైకులో మనిషి.

అత్త మునివేళ్ళ మీద లేచి చూసింది. ఇంకో పది అడుగులు. అయిదు. దొరసాని జెండా వైపు చూడనైనా చూడలేదు. దాన్ని దాటి, గేటు దాటి, రోడ్డెక్కింది.

"ఓరి నాయనో! జెండా ఇక్కడుంది తల్లీ!" మైకు గోల పెట్టింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

అత్తకు అప్పుడు తట్టింది. గోనెలైతే జెండా. ఇటుకలైతే బడి గోడ. దొరసానికి తెలిసిన లెక్క అంతే. "చేజేతులా చేసుకున్నానే!" అని నెత్తి కొట్టుకుంటూ, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది.

సైకిలు షాపు సందు, ఆసుపత్రి మలుపు దాటి బడి దగ్గరికి చేరింది. ప్రహరీ పోయిన వారమే పూర్తయింది, సున్నం కూడా వేశారు. మేస్త్రీలు లేరు, తాపీలు లేవు. దొరసాని ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, దించుకునేవాళ్ళ కోసం చూస్తోంది.

అత్త కొట్టడానికి చెయ్యెత్తింది. దించేసింది.

"నీదేం తప్పే? నీ పని నువ్వు చేశావు. గాడిద అని నన్ననాలి."

ఒక్కొక్క ఇటుకే తీసి గోడ పక్కన పేర్చింది. కావాలనే నెమ్మదిగా తీసింది. ఆఖరి ఇటుక పెడుతుండగా లారీ వచ్చి ఆగింది. ఆసామి, బేరగాడు దిగారు.

"జెండా దాకా వెళ్ళింది కదా బాబూ," అంది అత్త.

"వెళ్ళింది అత్తా. ఆగలేదు." ఆసామి ఆమె మొహం చూడలేకపోయాడు.

బేరగాడు లారీకి పలక ఆనించి తాడందుకున్నాడు. బరువు దిగింది కనుక తిరిగి వెళ్ళే వేళయిందనుకుందేమో, దొరసాని మారాం చేయకుండా ఎక్కింది.

"చెవి కింద గోకితే చాలయ్యా, మాట వింటుంది. కొట్టకు," అంది అత్త.

"అలాగేలే అమ్మా."

లారీ కదిలింది. అత్త నాలుగడుగులు వెంట నడిచి ఆగిపోయింది. ఏడవకూడదన్న షరతు గుర్తుంది, అయినా నడిరోడ్డు మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. రేపు ట్రాలీకి ఇటుకలెత్తడానికి రమ్మని ఆసామి చెబుతున్నాడు. ఆమె వినిపించుకోకుండా బట్టీ వైపు నడిచిపోయింది.

ఇక ఇటుక అవసరం లేని ఆ తెల్లటి గోడ పక్కన ఇరవై నాలుగు ఎర్ర ఇటుకలు రెండు వరసల్లో పేర్చి ఉన్నాయి. పై ఇటుక అంచున రెండు బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.